యాభై గ్రాములు

ఫిబ్రవరి 2, ఆదివారం

నోటితో చెప్పనని ఒట్టు వేశాను. రాయనని వెయ్యలేదు. అందుకని రాస్తున్నాను. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చాయి. తప్పులుంటే ఉండనీ, చదివేవాళ్ళెవరూ లేరు.

గురువారం శివని తీసుకుని తెనాలి వెళ్ళాను. పేటలో అందరికీ నా కళ్ళు చూపించుకోవడానికని చెప్పాం. నా కళ్ళకేం, ఇప్పటికీ సూదిలో దారం ఎక్కిస్తాను. చూపించింది నా మనవడి కుడి మోకాలు. డాక్టరు ఫోటోని వెలుతురుకి పెట్టి చెప్పాడు. లోపల ఒక తాడు పూర్తిగా తెగిందట. రెండోది సగం తెగి ఉందట. ఇప్పుడు ఆపరేషన్ చేస్తే బాగవుతుందట. ఈలోగా మోకాలు ఇంకోసారి మెలి తిరిగితే ఆ సగమూ పోతుంది, ఆ తర్వాత నడిస్తే నడుస్తాడు గాని ఊగే పడవ మీద నిలబడలేడు అన్నాడు.

నేను ఆ పడవ మాట దగ్గరే ఆగిపోయాను. వాళ్ళ తాత పడవ మీదే బతికాడు. వాళ్ళ నాన్న ఇప్పుడు కూడా వేటకి పోయి పది రోజులకి గాని రాడు. శివ బతుకూ ఆ పడవ మీదే. మా ఇళ్ళల్లో మగాడు నిలబడటం అంటే నేల మీద నిలబడటం కాదు. వాడు మాత్రం "కబడ్డీ ఆడొచ్చాండి?" అని అడిగాడు. డాక్టరు వాడి వంక చూడలేదు. నా వంక చూశాడు.

తెనాలి స్టేషన్లో రేపల్లె బండి కోసం కూర్చున్నప్పుడు నా చెయ్యి లాక్కుని వాడి నెత్తిన పెట్టుకున్నాడు.

"మామ్మా, ఈ మాట నీ నోట్లోంచి ఎవరి చెవిన పడినా నా మీద ఒట్టే. బాపట్ల పోటీ ఒక్కటి ఆడేసి నేనే అందరికీ చెప్తాను. ఆపరేషన్ కూడా చేయించుకుంటాను."

చెయ్యి వెనక్కి తీసుకోబోయాను. గట్టిగా పట్టుకున్నాడు. ఇరవై ఏడేళ్ళ మగాడు. ఈలోపు బండి వచ్చేసింది.

ఒట్టు తప్పితే వాడికి కీడు. తప్పకపోతే వాడికి కీడు. నేనెటు పోను?

ఫిబ్రవరి 3

నిన్న రాసింది మళ్ళీ చదువుకున్నాను. రాస్తే చెప్పినట్టు కాదుగా. కాదు.

ఫిబ్రవరి 5, బుధవారం

జీవన్ కుమార్ మాస్టారితో శివ "చిన్న బెణుకండి, నాలుగు రోజులు రెస్టు" అన్నాడట. మాస్టారు హైస్కూల్లో డ్రిల్లు చెప్పి రిటైరయ్యారు. మా రేవు జట్టు ఆయన పెంచిందే. ఆయన ఊరుకుంటారా, కూతకెళ్ళడానికి కొత్త కుర్రాణ్ణి తెచ్చారు. కాకుమాను వాడు. పేరు కృష్ణతేజ. సన్నగా, పొడుగ్గా, నెత్తిన కోడిజుట్టు. మాస్టారింట్లోనే దింపారు.

సాయంత్రం నా పునుగుల పొయ్యి దగ్గర పంచాయితీ. మా పేటలో ఏ సంగతి తేలాలన్నా ఇక్కడే తేలాలి. తేలేసరికి మూడు వాయిలు దిగిపోతాయి.

ఆటో మనోజ్ మొదలెట్టాడు. "ఏం మాస్టారూ, కాకుమాను మిరపచేలోంచి దిష్టిబొమ్మని పీక్కొచ్చారా?"

"ముందు వాడి కాళ్ళు చూడరా," అన్నారు మాస్టారు.

"కాళ్ళదేముందండి, కొంగకీ ఉంటాయి."

"చేపని పట్టేది కొంగేరా."

వలలు బాగుచేసే సుబ్బరామయ్య వేళ్ళు మడిచాడు. ఆయనకి ఏ ఆటలో ఎవరెన్నిసార్లు కూతకెళ్ళారో అంతా నోటికే. "నిరుడు బాపట్లలో శివ ఇరవై రెండు సార్లు వెళ్ళాడు. నాలుగుసార్లే దొరికాడు. ఈ పిల్లాడొస్తే మన జట్టు బాగుపడుద్దా, చెడుద్దా? అది చెప్పండి."

"శివ ఉండగా ఆ మాటెందుకు బాబాయ్? నాలుగు రోజులాగితే వాడే వస్తాడు," అన్నాడు మనోజ్.

నా చేతిలో చిల్లుల గరిటె ఆగిపోయింది. "కొత్త పిల్లాడే నయం," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు.

"ఏంటి మామ్మా?"

"కొత్త కాళ్ళు, కొత్త ఊపిరి. వాణ్ణే ఆడించండి. మావాడు ఎనిమిదేళ్ళు ఆడాడుగా, ఇక చాల్లే."

"సొంత మనవడి మీద పగేంటి మామ్మా నీకు?" అన్నాడు మనోజ్. అందరూ నవ్వారు. ఆ వాయి మాడిపోయింది.

ఫిబ్రవరి 6

శివ అన్నం సగంలో లేచాడు. నేనన్న మాట వాడికి చేరిపోయింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

నేను ఆటకి పోను. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా పోలేదు. నాకు భయం. గెలిస్తే మనోజ్ ఆటో హారన్ కొట్టుకుంటూ వీధిలోకి వస్తుంది. అది చాలు నాకు. నిన్న రేపల్లె నుంచి ఆటో వచ్చింది. హారన్ రాలేదు.

కృష్ణతేజ ఏడుసార్లు దొరికాడట. ఇద్దర్ని తాకి వస్తాడు, గీత దగ్గరికి వస్తాడు, అక్కడ ఎవడో నడుం పట్టుకుంటే ఇక వాళ్ళు లాగినట్టల్లా పోతాడట.

"చెప్పానా?" అన్నాడు మనోజ్. "గాలికి కొట్టుకుపోయే ప్లాస్టిక్ కవరండి అది. పదండి, శివ దగ్గరికి పోదాం."

అందరూ కలిసి మా గుమ్మంలోకి వచ్చారు. నా కోడలు నాగమల్లేశ్వరి అప్పుడే రొయ్యల షెడ్డు నుంచి వచ్చింది. కొడుకుని పిలవడానికి ఇంతమంది వచ్చారని దాని మొహం వెలిగిపోయింది. దానికేం తెలుసు. శివ బయటికొచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"బాపట్లకి చూద్దాంలే మాస్టారూ," అని నవ్వాడు.

వాళ్ళంతా వాడి నవ్వు చూశారు. నేను కాలు చూశాను. కుడిపాదం నేలని తాకీ తాకకుండా ఉంది, కింద నిప్పులున్నట్టు.

కొత్తవాడు ఓడితే మావాడు వెళ్తాడు. ఇంతే కదా సంగతి. అయితే కొత్తవాడు ఓడకూడదు. ఎందుకు ఓడుతున్నాడు? ఒంట్లో బలం లేక. మాస్టారింట్లో పప్పు, చారు, మజ్జిగ. ఆ తిండి తిని ఏడుగురి పట్టులోంచి ఎవడు ఊడొస్తాడు? వాడికి బలం పెట్టాలి. అది నేను చెయ్యగలను. దేవుడా, ఒక్క పనైనా నా చేతికి ఇచ్చావు.

ఫిబ్రవరి 11

పొద్దున రెండు గుడ్లు. మధ్యాహ్నం వంజరం పులుసు. సాయంత్రం మినప సున్నుండలు రెండు.

"వద్దండి మామ్మగారూ, బరువు పెరుగుతానండి."

"పెరగాలనే పెట్టేది నాయనా. బుట్ట బరువుగా ఉంటే ఎవడు లాక్కుపోతాడు?"

నవ్వాడు. మంచి పిల్లాడు. మొహమాటం ఎక్కువ. మూడుసార్లు అడిగితే గాని చెయ్యి చాపడు. "మా అమ్మ కూడా ఇట్టాగే చేస్తుందండి, కాకపోతే నెయ్యి ఇంత వెయ్యదు," అన్నాడు.

శివకీ ఒకటి పెట్టాను. చూసి పక్కకి జరిపాడు. పోటీల ముందు వాడెప్పుడూ ఇంతే. ఎనిమిదేళ్ళుగా చూస్తున్నానుగా, భయానికి ఆకలి చచ్చిపోతుంది వాడికి. ఈసారి నా మీద కోపం కూడా కలిసింది.

ఫిబ్రవరి 12

శివ అన్నం తినలేదు.

ఫిబ్రవరి 13

శివ రెండు ఇడ్లీలు తిన్నాడు. కాదు, ఒకటిన్నర.

ఫిబ్రవరి 16, ఆదివారం

హారన్! వీధి మొదట్నుంచీ కొడుతూనే ఉన్నాడు. తెనాలి జట్టు మీద గెలిచారు. కృష్ణతేజ ఒక్కడే పదకొండు పాయింట్లు తెచ్చాడట.

"పదమూడు సార్లు వెళ్ళాడు, రెండుసార్లు దొరికాడు," అన్నాడు సుబ్బరామయ్య. "మామ్మ మాటే మాట. జట్టు బాగుపడింది."

మనోజ్ ఒప్పుకోడు. "తెనాలిదీ ఒక జట్టేనా బాబాయ్? బాపట్లలో గొలుసు కట్టి మీద పడతారే, వాళ్ళ ముందు నిలబడమను చూద్దాం. పెద్ద ఆటకి శివే రావాలి."

"నీకు శివ మీద ప్రేమరా, ఆట మీద కాదు."

"మనిషి మీద ప్రేమ లేకపోతే అంత దూరం పోయి చూడటమెందుకు? టీవీలో ఏదో ఒకటి వస్తానే ఉంటదిగా!"

"నీ ఆటోకి కొత్త ఇంజను వేయించినప్పుడు పాత ఇంజను కోసం ఏడ్చావా?"

"ఏడ్చాను బాబాయ్. ఒట్టు."

ఆ మాటకి మాస్టారు కూడా నవ్వారు. నేను అందరికీ రెండేసి పునుగులు ఎక్కువ వేశాను. కొత్త పిల్లాడు బంగారం, బంగారం అని ఎన్నిసార్లన్నానో.

శివ వెనకే నిలబడి ఉన్నాడు. నేను చూడలేదు. వాళ్ళంతా వెళ్ళాక వచ్చి పొయ్యి పక్కన కుడికాలు చాపుకుని కూర్చున్నాడు.

"మామ్మా, వాడు నీకేమవుతాడు?"

"ఏమీ కాడు."

"మరి నేను?"

పొయ్యిలో పుల్ల వెనక్కి లాగాను.

"నా పని అయిపోయిందని పేటలో అందరికంటే ముందు అన్నది నువ్వే. మనోజ్ గాడు పరాయివాడు. వాడనలేదు."

"ఆ ఒట్టు తీసెయ్యి నాయనా," అని చేతులు పట్టుకున్నాను.

"వచ్చే ఆదివారం దాకా ఆగు," అని లేచాడు. లేవడానికి నా భుజం పట్టుకున్నాడు. ఎంత బరువు మోపాడో నా భుజానికి తెలుసు.

ఫిబ్రవరి 18

పొద్దున్నే పెరట్లో మోకాలికి గుడ్డ బిగించి కట్టుకుని గుంజీలు తీస్తున్నాడు. పన్నెండోదానికి చెయ్యి నేలకి ఆనింది. నన్ను చూడలేదు.

కాకుమాను పిల్లాడు గెలవాలని మొక్కుకున్నాను. నా మనవడు గట్టున కూర్చోవాలని మొక్కుకున్నాను. ఇలాంటి మొక్కు విని దేవుడికే అనుమానం వచ్చి ఉంటుంది.

ఫిబ్రవరి 19

శివ అన్నం తినలేదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

మాస్టారు జట్టు చదివారు. కూతకి కృష్ణతేజ. శివ పేరు అదనపు వాళ్ళలో ఉంది. "పేరుకే లేమ్మా, బెణుకు కదా," అన్నారు నాతో. మనోజ్ అలిగి పునుగులు తినకుండా వెళ్ళిపోయాడు. వాడి అలక చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

"తిండి జాగ్రత్తరా," అని మాస్టారు అందరికీ గట్టిగా చెప్పారు. నిజమే. హోటల్ నూనె తిని కడుపు చెడితే రేపు ఎవడు కూతకెళ్తాడు? అందుకే ఇంటి నెయ్యితో ఇరవై సున్నుండలు కట్టాను. శివతో సహా జట్టు ఈ సాయంత్రమే వెళ్ళింది. నేను రేపు తొలి బస్సుకి వెళ్తాను. ఈ పుస్తకాన్ని కూడా సంచిలో పెట్టుకుంటున్నాను. ఇంట్లో ఉంచితే నాగమల్లేశ్వరి చూస్తుంది.

ఫిబ్రవరి 27, తెనాలి ఆస్పత్రి

పుస్తకం ఇన్నాళ్ళూ మాస్టారి దగ్గర ఉండిపోయింది. ఇవాళ తెచ్చి ఇచ్చారు. జరిగింది జరిగినట్టు రాస్తాను. రాయకపోతే లోపలే కుళ్ళిపోతుంది.

బాపట్ల మైదానానికి ఎనిమిదింటికి చేరాను. కృష్ణతేజ గోడ నీడన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. డబ్బా తీశాను.

"తూకం అయ్యాక తింటానండి మామ్మగారూ."

"తూకమేంటి నాయనా, నువ్వేమన్నా చేపల బుట్టవా?"

నవ్వాడు. ఒకటి తిన్నాడు. రెండోది తిన్నాడు. చాలండి అన్నాడు. పెద్ద ఆట నాయనా, బలం కావాలి అన్నాను. మజ్జిగ గ్లాసు నిండా పోశాను. మూడు. నాలుగు. లేవబోయాడు. చెయ్యి పట్టుకున్నాను. "ఇదొక్కటీ. నా కోసం." నా మొహం చూసి తిన్నాడు.

ఆ తర్వాత చూశాను. మైదానం మూల బల్ల, బల్ల పక్కన నేల మీద మిషను. ఒక్కొక్కరూ చెప్పులు విప్పి దాని మీద ఎక్కుతున్నారు. బాపట్ల పోటీ అరవై ఐదు కిలోల లోపు వాళ్ళకట. దాటితే ఆడనివ్వరట. ప్రతి ఏడూ అంతేనట. ముప్పై ఏళ్ళు కాటా పట్టుకుని చేపలమ్మాను. మనుషుల్ని కూడా తూస్తారని నాకెవరూ చెప్పలేదు.

చెప్పాడు. కృష్ణతేజ చెప్పాడు.

వాడు ఎక్కాడు. అరవై ఐదు కిలోల మూడొందలు.

"నిన్న రేషన్ షాపు కాటా మీద వంద గ్రాములు తక్కువే ఉన్నావుగా రా! ఏం తిన్నావ్?" అని మాస్టారు అరిచారు.

"పొరపాటైందండి," అన్నాడు. నా పేరు చెప్పలేదు. నా వైపు చూడను కూడా లేదు.

అరగంట టైమిచ్చారు. మనోజ్ తన జర్కిన్ వాడికి తొడిగి ఎండలో పరిగెత్తించాడు. వాణ్ణి దిష్టిబొమ్మ అన్న మనోజే, "పరిగెత్తరా తమ్ముడూ, ఇంకొక్క చుట్టు," అంటూ పక్కన తనూ పరిగెత్తాడు. సుబ్బరామయ్య నిమిషాలు లెక్కపెట్టాడు. ఎవరో కత్తెర తెస్తే ఆ కోడిజుట్టు మొత్తం కత్తిరించేశారు. చివరికి బనీను కూడా తీసేసి ఎక్కాడు.

అరవై ఐదు కిలోల యాభై.

యాభై గ్రాములు. నాలుగు రొయ్యలు. నేను బల్ల దగ్గరికి పోయి అక్కడ రాసుకుంటున్న అబ్బాయి చేతులు పట్టుకున్నాను. "నాయనా, ముప్పై ఏళ్ళలో కొసరు వెయ్యకుండా ఒక్క బేరం చెయ్యలేదు నేను. ఈ ఒక్కసారి నాకు కొసరు వెయ్యి."

"మిషనమ్మా అది. కొసరుండదు," అన్నాడు. పాపం, మెల్లగానే అన్నాడు.

అప్పుడు శివ చెప్పులు విప్పాడు. అరవై మూడు కిలోల ఎనిమిదొందలు.

ఆ అంకె చూశాక తెలిసింది, వాడు ఎందుకు తినలేదో. ఎనిమిదేళ్ళూ పోటీల ముందు నా పళ్ళెం ఎందుకు జరిపాడో. చెప్తే నేను బెంగపడతానని చెప్పలేదు. అది భయం కాదు. కోపం కాదు. ఒక్కనాడూ నా మీద కోపం కాదు.

నోరు తెరిచాను. నా చెయ్యి ఇంకా వాడి నెత్తిమీదే ఉన్నట్టుంది. మాట బయటికి రాలేదు. సంచిలోంచి ఈ పుస్తకం తీసి మాస్టారి చేతిలో పెట్టాను. "చదవండి మాస్టారూ. ఇప్పుడే చదవండి."

"ఇప్పుడేంటమ్మా! ఆటయ్యాక చూస్తాను," అని చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. నేను వెనకాలే పోయాను. జనం అడ్డొచ్చారు.

మొదటి ఆటే నిరుడు మమ్మల్ని ఓడించిన జట్టుతో. నాకు ఆట తెలియదు. వాడి కాలే చూస్తూ కూర్చున్నాను. వెళ్ళాడు, వచ్చాడు. వెళ్ళాడు, వచ్చాడు. ఒంటికాలి మీదే తిరిగి వస్తున్నాడు. చివరికి రెండు జట్లూ సమానమన్నారు. వాడు మళ్ళీ వెళ్ళాడు. ఇద్దర్ని తాకాడు. వెనక్కి తిరిగేసరికి ఒకడు కుడి పాదం పట్టుకున్నాడు. వాడు ఆ కాలిని వాళ్ళకి వదిలేసి మిగతా ఒళ్ళంతా ముందుకి విసిరాడు. వేళ్ళు గీత దాటాయి.

కేక పెట్టాడు. అందరూ అది గెలుపు కేక అనుకున్నారు. మీద పడ్డారు. మనోజ్ ఏడుస్తూ వాణ్ణి భుజాల మీదికి ఎత్తుకున్నాడు. కుడికాలు వాడిది కానట్టు వేలాడింది. దించండి, దించండిరా అని అరిచాను. డప్పులు మోగుతున్నాయి.

సాయంత్రం రెండో ఆటలో ఓడిపోయారట.

మాస్టారు ఇవాళ పుస్తకం ఇస్తూ, "ఆ రోజు బస్సులో చదివానమ్మా," అన్నారు. కళ్ళజోడు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయారు.

మార్చి 2, ఆదివారం

ఆపరేషన్ అయింది. నడుస్తాడట. పడవ సంగతి అడిగాను. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "ముందే చెప్పానుగా అమ్మా," అన్నాడు.

చెప్పాడు. ఈయనా చెప్పాడు, ఆ పిల్లాడూ చెప్పాడు.

మనోజ్, సుబ్బరామయ్య వచ్చారు. కృష్ణతేజ కూడా వచ్చాడు. కత్తిరించిన జుట్టుతో చిన్నపిల్లాడిలా ఉన్నాడు. శివ మంచం పక్కన కాసేపు నిలబడి వరండాలోకి పోయారు. అక్కడ గొంతులు తగ్గించి మళ్ళీ మొదలెట్టారు. తేజ ఉంటే వచ్చే ఏడు జట్టు బాగుంటుందని సుబ్బరామయ్య. శివ లేని జట్టు ఎట్టా ఉన్నా ఒకటేనని మనోజ్. నేను మంచినీళ్ళకని బయటికొస్తే, "నువ్వు చెప్పు మామ్మా, ఏమంటావు?" అన్నారు.

చెంబు నింపుకున్నాను.

లోపలికొచ్చి శివకి అంతా చెప్పాను. ఒట్టు తీరిపోయిందిగా, ఇంక నోటితోనే చెప్పాను. గోడ నీడ, డబ్బా, మజ్జిగ, నా కోసం అని పెట్టిన ఆ చివరిది. ఫ్యాను వంక చూస్తూ విన్నాడు.

"తెలుసు మామ్మా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. వాడు మిషనెక్కినప్పుడే మూతికి సున్నుండల పిండి కనపడింది."

తెలిసే చెప్పులు విప్పాడు. తెలిసే నన్నేమీ అనలేదు.

తల నా వైపు తిప్పాడు. "ఆ డబ్బాలో ఏమన్నా మిగిలాయా?"

"పదిహేనున్నాయి."

"ఒకటి పెట్టు. పోటీల రోజుల్లో ఇది తిని ఎనిమిదేళ్ళయింది. ఇంక నాకు తూకం లేదుగా."

డబ్బా మూత బిగుసుకుపోయింది. నాగమల్లేశ్వరి తీసిచ్చింది. ఒకటి తీశాను. వాడి చేతిలో పెట్టబోతుంటే నా చెయ్యి, ముప్పై ఏళ్ళ పాడు అలవాటు, చూడకుండానే తూసింది.

యాభై గ్రాములు.